వివాహము, వరుసలు, మన గట్టులు

మన ప్రాంతపు కోయ పల్లెలలోనికి క్రొత్తవాడు వచ్చినచో ముందుగా మంచినీళ్ళిత్తురు. పిదప ఇంటిపేరు అడుగుదురు. అతడు ఇంటిపేరు చెప్పగనే, ఆ చోట కూర్చున్న పెద్దలలో ఒకరు అది ఏ గట్టులోనిదో తేల్చివేయుదురు. ఆ క్షణమునుండి వచ్చినవాడు పరాయివాడు కాడు. ఒకరికి తమ్ముడగును, ఒకరికి బావ యగును, ముసలివారికి అల్లుడో మనుమడో యగును. ఏ ఇంటి పిల్లతో పరిహాసమాడవచ్చునో, ఏ ఇంటి పిల్లను తోబుట్టువుగా చూడవలెనో అతనికి వేరుగా ఎవరును చెప్పనక్కరలేదు. గుక్కెడు నీళ్ళు త్రాగునంతలో ఇంత పని జరిగిపోవును.

మన గ్రంథాలయము ఇరువది యైదేండ్ల పండుగ చేసికొనుచు, సంచికకు చరిత్ర వ్యాస మొకటి వ్రాయుమని నన్ను కోరినపుడు రాజుల కథ వ్రాయుదునా, కోటల కథ వ్రాయుదునా యని కొంత తడబడితిని. కాని కోటలకంటె పాతదియు, నేటికిని కూలనిదియు మన నోటిలోనే యున్నది. అదియే వరుస. మనుష్యులు పెండ్లి యను ఏర్పాటును ఎట్లు చేసికొనిరి, చుట్టరికము లెట్లు పుట్టినవి అను ప్రశ్నకు ప్రపంచమందలి పండితులు నూటయేబది ఏండ్లకు పైగా జవాబులు వెదకుచున్నారు. ఆ వెదకులాటలో మన తెలుగు మాటలు ఎంత దూరము పోయినవో తెలిసినవారు మనలో తక్కువ.

అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో లూయీ హెన్రీ మోర్గన్ అను న్యాయవాది యుండెను. అతడు తన పొరుగున నున్న సెనెకా యను అమెరికా ఆదిమజాతివారితో స్నేహము చేసి, వారు చుట్టములను పిలుచుకొను మాటలను వ్రాసికొనెను. వారిలో తండ్రి సోదరుని గూడ తండ్రి యనియే పిలుతురు. తల్లి సోదరిని తల్లి యందురు. కాని తల్లి సోదరునకును, తండ్రి సోదరికిని వేరు పేర్లున్నవి. మోర్గనునకు ఇది వింతగా తోచెను. ఇంగ్లీషువారికి వీరందరును "అంకులు", "ఆంటీ"లే కదా! ఇట్టి పద్ధతి ఇంకెచ్చటనైన నున్నదేమో యని ప్రశ్నల పట్టికలు ముద్రించి, క్రైస్తవ మిషనరీల ద్వారా, రాయబార కార్యాలయముల ద్వారా లోకమంతట పంపెను. మన దేశమునుండి తమిళ, తెలుగు మాటల పట్టికలు ఆయనకు చేరినవి. 1871లో అచ్చయిన ఆయన పెద్ద గ్రంథమున ఇతర జాతుల మాటలతోపాటు మన అత్త మామలు, బావ మరదండ్రు కూడ ఎక్కిరి. సెనెకావారి పద్ధతియు మన పద్ధతియు ముఖ్యాంశములలో ఒక్కటిగా నుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను.

ఆయనకు వింతయైనది మనకు నిత్యము. ఒకసారి నిదానముగా చూడుడు. తండ్రి అన్నదమ్ములు పెద్దనాయన, చిన్నాయన. తల్లి అక్కచెల్లెండ్రు పెద్దమ్మ, చిన్నమ్మ. వారందరిలోను నాయనయో అమ్మయో యున్నది. వారి బిడ్డలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. కాని తల్లికి తోబుట్టువైన మగవాడు మేనమామ, తండ్రికి తోబుట్టువైన ఆడుది మేనత్త. వారి బిడ్డలు బావలు, మరదండ్రు, వదినలు. మగవానికి అన్నకొడుకు కొడుకే. అక్కకొడుకు మాత్రము మేనల్లుడు. ఆడుదానికి ఇది తలక్రిందులు: అక్కకొడుకు కొడుకు, అన్నకొడుకు మేనల్లుడు. ఇక కూతును పెండ్లాడినవా డెవడు? అల్లుడు. కొడుకు భార్య యెవరు? కోడలు. చెల్లెలి బిడ్డలెవరు? మేనల్లుడు, మేనకోడలు. భార్య తండ్రి యెవరు? మామ.

అనగా పెండ్లి జరుగుటకు ముందే పెండ్లి మన మాటలలో జరిగియున్నది. పిల్ల పుట్టిన దినముననే ఎవరు ఆమెకు అన్నలో, ఎవరు బావలో భాష నిర్ణయించివేసినది. తక్కిన లోకములో పెండ్లివలన చుట్టరికము కలుగునందురు. మనకు చుట్టరికమే పెండ్లిదారిని చూపును. 1953లో ఫ్రెంచి పండితుడు లూయీ ద్యూమో ద్రావిడ బంధుత్వ పదములనుగూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసము యొక్క సారమిదియే. మన పల్లెటూరి అవ్వ ఆ వ్యాసము చదువకయే "వరుస కలవదు" అను రెండు మాటలతో సంబంధమును త్రోసిపుచ్చగలదు.

మోర్గను ఇంతటితో ఆగియుండినచో బాగుండెడిది. 1877లో ఆయన మరియొక గ్రంథము వెలువరించి, మానవజాతికి ఒక నిచ్చెన వేసెను. మొట్టమొదట మనుష్యులు వావి వరుసలు లేక కలిసి బ్రదికిరట. పిదప తోబుట్టువుల గుంపులలో వివాహములు, ఆపైన ఒక గుంపు పురుషులకు ఒక గుంపు స్త్రీలు, అటుపిమ్మట జంటలు, తుట్టతుదకు ఒక భర్త ఒక భార్య. అంతకుముందే 1861లో బహోఫెన్ అను స్విస్ పండితుడు తొలుత స్త్రీరాజ్యముండెననెను. 1865లో మెక్లెన్నన్ అను స్కాట్లండువాడు పిల్లను ఎత్తుకొనిపోవుటయే ఆదివివాహ మనెను. మోర్గను నిచ్చెనను ఎంగెల్స్ 1884లో తన గ్రంథమున స్వీకరించుటతో అది దేశదేశముల ప్రాకెను.

నేనును చదువుకొను రోజులలో ఈ మెట్లను కంఠస్థము చేసినవాడనే. అప్పుడు నాకు తట్టని సంగతి యొకటి తరువాత తట్టినది. నిచ్చెన యన్న తరువాత ఎవరో ఒకరు పై మెట్టున నుందురు, ఎవరో ఒకరు క్రింది మెట్టున నుందురు. వ్రాసినవారు ఎన్నడును క్రింది మెట్టున కూర్చుండలేదు. ఆ చోటు మన కోయలకు, చెంచులకు, గోండులకు మిగిల్చిరి. మన పొరుగింటివానిని మనకు వేలయేండ్ల వెనుకటివానిగా చూపిన ఆ శాస్త్రమును మనము పరీక్షింపక నమ్మితిమి.

అది పరీక్షకు నిలువలేదు. 1891లోనే ఫిన్లండు దేశపు వెస్టర్‌మార్కు, వావి వరుసలు లేని మానవ సమాజ మెచ్చటను కనబడలేదని వాదించెను. నల్లమలలో చెంచులతో తిరిగి 1943లో గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వ్రాతలు మనకు దగ్గరి సాక్ష్యము. విల్లంబులు, గడ్డలు త్రవ్వు కర్ర తప్ప పెద్ద ఆస్తి యెరుగని ఆ వేటగాండ్రలో భార్యాభర్తల కాపురము స్థిరముగనే యున్నది. కులములను పేర బంధువర్గములున్నవి. తన కులములో తాను పెండ్లాడరాదను కట్టుబాటున్నది. క్రొత్త జంట భర్త తరపువారితో నుండవచ్చును, భార్య తరపువారితోనైన నుండవచ్చును. గుంపు పెండ్లి జాడ లేదు, స్త్రీరాజ్యపు జాడయు లేదు.

ఇంకను పాత సాక్ష్యము మట్టిలో దొరికినది. రష్యాలో మాస్కోకు తూర్పున సుంగీర్ అను చోట సుమారు 34,000 ఏండ్ల నాటి సమాధులున్నవి. ఆ యెముకలలోని జన్యువులను పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితము చూడుడు: ఒకే చోట, దాదాపు ఒకే కాలమున పాతిపెట్టబడిన ఆ మనుష్యులు దగ్గరి రక్తసంబంధులు కారు. చిన్న గుంపులుగా బ్రదుకుచును, పిల్లలను దూరపు గుంపులతో ఇచ్చి పుచ్చుకొనుచుండిరని శాస్త్రజ్ఞులు దీనినుండి ఊహించిరి. వ్యవసాయము లేదు, ఊరు లేదు, లిపి లేదు. ఐనను బయటి సంబంధము చూచుకొనవలె నన్న తెలివి యున్నది! మనిషి పొరుగు గుంపును చంపి బ్రదుకుటకంటె వారికి పిల్లనిచ్చి బ్రదుకుట మేలని ఎప్పుడో గ్రహించెను. 1949లో లెవీస్ట్రాస్ అను ఫ్రెంచి పండితుడు బంధుత్వమునకు మూలము రక్తము కాదు, ఇచ్చిపుచ్చుకొనుట యని వ్రాసిన దానికి ఇది బలము చేకూర్చుచున్నది.

మన దేశములో ఈ ఇచ్చిపుచ్చుకొనుట మేనరికముగా స్థిరపడినది. దీనికి రాతిమీద వ్రాసిన సాక్ష్యమున్నది. నాగార్జునకొండలో క్రీ.శ. మూడవ శతాబ్దమున ఏలిన ఇక్ష్వాకులలో శాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుడు. అతని రాణులలో బాపిశ్రీ, షష్ఠిశ్రీ అను నిరువురు తాము హర్మ్యశ్రీ కూతుండ్ర మని స్తంభ శాసనములలో చెప్పుకొనిరి. హర్మ్యశ్రీ శాంతమూలుని తోబుట్టువు. అనగా రాజు తన మేనత్త కూతుండ్రను పెండ్లాడెను. దాదాపు 1,700 ఏండ్ల క్రిందటి సంగతి!

మరి నన్నయ భట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుని ఇల్లు చూడుడు. ఆయన తల్లి కుందవ, తంజావూరి రాజరాజచోళుని కూతురు. ఆమె సోదరుడు రాజేంద్రచోళుడు. ఆ మేనమామ కూతురైన అమ్మంగదేవిని రాజరాజనరేంద్రుడు వివాహమాడెను. వారి కొడుకు మరల తన మేనమామ కూతురైన మధురాంతకిని పెండ్లాడి, 1070లో కులోత్తుంగుడను పేర చోళ సింహాసన మెక్కెను. మూడు తరములు ఒకే ఇంటినుండి పిల్లను తెచ్చుకొనగా, తుదకు రెండు రాజ్యములు ఒక చేతిలోనికి వచ్చినవి. బౌధాయనుడు తన ధర్మసూత్రములలో మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట దక్షిణదేశపు ఆచారమని పేర్కొనెను. ఉత్తరమువారికి అది వావి తప్పుట. అర్జునుడు మేనమామ కూతురైన సుభద్రను పెండ్లాడినాడు కదా యని మనవారు జవాబు చెప్పుకొందురు. అభిమన్యునకు శశిరేఖను కట్టబెట్టిన కథ వ్యాసభారతమున లేకపోయినను మనకు అంత ప్రియమగుట ఊరక కాదు.

శాతవాహన రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి పేరు పెట్టుకొనిరి గనుక ఆ కాలమున స్త్రీరాజ్యముండెనని కొందరు వ్రాసిరి. నాకది ఒప్పుదల కాదు. సింహాసనము తండ్రినుండి కొడుకునకే పోయినది. పెక్కుమంది రాణులున్న ఇంటిలో ఈ కొడుకు ఏ ఇంటి ఆడుబిడ్డ కన్నవాడో తెలియుటకు ఆ పేరు పనికివచ్చెను. నిజముగా ఆస్తి తల్లి వెంట నడచిన కుటుంబములు చూడవలెనన్నచో కేరళలోని నాయర్ల తరవాడులు, మేఘాలయలోని ఖాసీలు ఉన్నారు.

ఇక మన గట్టుల సంగతి. కోయల ఇంటిపేర్లన్నియు మూడవ గట్టు, నాల్గవ గట్టు, ఐదవ గట్టు, ఆరవ గట్టు, ఏడవ గట్టు అని పంచబడియున్నవి. ఆదిలాబాదు గోండులలోను నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులని ఇట్టి విభాగమే యున్నది. ఒక గట్టులోని ఇంటిపేర్లు ఎన్నియైనను వారందరు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి కూడదు. పిల్లను వేరొక గట్టునుండియే తేవలెను. ఒక్కొక్క గట్టునకు తన వేల్పులున్నవి. కాబట్టి గట్టనగా చుట్టరికము, దైవము, చరిత్ర మూడును కలిసిన ముడి. ఈ లెక్కకు దస్తావేజు ఏది? డోలి కోయల నోరు. వారు బొమ్మలు కుట్టిన పడిగెను విప్పి, డోలు వాయించుచు, గట్టుల పుట్టుకను, ఇంటిపేర్ల వరుసను పాడుదురు.

కోయల పెండ్లి తీరులను ఇంగ్లీషు గ్రంథకర్తలు నూరేండ్లకు ముందే వ్రాసిపెట్టిరి. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటములలో వారు పిల్ల నెత్తుకొనిపోవు పద్ధతినిగూర్చి ఎక్కువ ముచ్చటించిరి. చదువరులకు అదియే రుచించును కదా! కాని అందులోనే ఇంకొక చిన్న సంగతి యున్నది. పెండ్లికూతురు తల వంచి నిలువగా, పెండ్లికుమారుడు ఆమెపై వంగి నిలుచును. స్నేహితులు సొరకాయ బుర్రతో అతని తలపై నీళ్ళు పోయుదురు. ఆ నీరు అతని తలమీదినుండి ఆమె తలమీదికి జారినంతట వారు భార్యాభర్తలు. ఎత్తుకొనిపోవుటను ఆదివివాహ మన్న మెక్లెన్నను ఈ నీటిని చూచియుండిన ఏమనెడివాడో!

పిల్లనిచ్చిన ఇంటికి ఓలి చెల్లించుట కోయల ఆచారము. దీనిని "పిల్లను కొనుట" యని హేళన చేయువారున్నారు. పిల్ల పోయిన ఇంటికి రెండు చేతుల పని పోవును, ఆ లోటు తీర్చవలెనను న్యాయము ఓలిలో నున్నది. మధ్యప్రాంతపు గోండులు మేనరికమును "పాలు తిరిగి యిచ్చుట" యందురు. వెనుకటి తరమున ఒక ఇల్లు ఆడుబిడ్డ నిచ్చినది; ఈ తరమున ఆమె కూతురు ఆ ఇంటికి కోడలుగా మరలిపోవును. అప్పు తీరినది. కాని చుట్టరికము తీరలేదు.

ఇప్పుడు మేడారము కథకు వత్తము. ఈ కథ నానా తీరుల వినబడును; ఎక్కువగా వినబడునది ఇది. పొలవాసను ఏలు మేడరాజు వేటకు పోగా అడవిలో పులుల నడుమ ఆడుకొనుచున్న పసిపాప కనబడెను. ఆమెను తెచ్చి కూతురుగా పెంచి, సమ్మక్క యని పేరిడి, తన మేనల్లుడైన పగిడిద్దరాజున కిచ్చి పెండ్లి చేసెను. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న యను బిడ్డలు. సారలమ్మ భర్త గోవిందరాజు. కరవు వచ్చి కప్పము చెల్లింపలేనపుడు కాకతీయ సైన్యముతో పోరు జరిగెను. అందరును నేలకొరిగిరి, సమ్మక్క చిలుకలగుట్టవైపు పోయి అదృశ్యమయ్యెను.

ఈ కథను మనము వీరగాథగా విందుము. వరుసల కంటితో ఒకసారి వినుడు. అడవిలో దొరికిన ఆ పాపది ఏ గట్టు? ఎవరికిని తెలియదు. ఏ రక్తము? తెలియదు. కాని మేడరాజు "నా బిడ్డ" యన్నాడు. అన్నంతనే ఆమె ఆయన మేనల్లునకు మరదలైనది. మరదలైనది గనుక పెండ్లి కుదిరినది. గట్టు తెలియని శిశువునకు ఒక్క మాటతో తండ్రి, అత్త, బావ, మగడు, ఊరు, తుదకు కొలుచు జనము కలిగిరి. రక్తమే చుట్టరికమునకు మూలమన్న పండితులకు మన అడవి చెప్పిన జవాబు ఇంతకంటె వేరే కావలెనా?

జాతర కూడ చుట్టములు కలిసికొను తీరుననే సాగును. రెండేండ్ల కొకసారి మాఘమాసమున, బుధవారమునాడు కన్నెపల్లినుండి సారలమ్మ వచ్చును. మహబూబాబాదు జిల్లా పూనుగొండ్లనుండి పెనక వంశమువారు పగిడిద్దరాజును అడవిదారిన కాలినడకన తెత్తురు. ఏటూరునాగారము వైపున నున్న కొండాయినుండి గోవిందరాజు వచ్చును. గురువారము చిలుకలగుట్టనుండి సమ్మక్క దిగివచ్చి గద్దె నెక్కును. శనివారము అందరును వనప్రవేశము చేయుదురు. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడిన ఈ జాతరకు లక్షలమంది వత్తురు, బెల్లమును బంగారమని సమర్పింతురు. 2019లో మేడారము ములుగు జిల్లాలో చేరినది. జిల్లాల హద్దులు మారినను ఆ నాలుగు దారులు మారలేదు.

భార్య ఊరికి భర్త వచ్చును, అత్తవారి ఊరికి అల్లుడు వచ్చును. బహోఫెన్ దీనిని చూచియుండిన ఇదిగో స్త్రీరాజ్యమని ఎగిరి గంతులు వేసియుండును. అది తొందరపాటగును. కోయలలో సాధారణముగా కోడలే భర్త ఊరికి పోవును. గట్టు తండ్రినుండి వచ్చును. ఈ దారులు చెప్పునది వేరు. వేరువేరు ఊళ్ళ, వేరువేరు ఇంటిపేర్ల జనములు పెండ్లివలన ఒక్కటైరి. ఆ పొత్తును మరువకుండుటకు రెండేండ్ల కొకసారి కాలినడకన వచ్చి మరల కట్టుకొనుచున్నారు. పిల్లనిచ్చిన ఊరును, పుచ్చుకొన్న ఊరును కలిసి నిలువబట్టియే ఆనాడు పోరాడగలిగిరి. ఆ పోరులో అల్లుడును ఉన్నాడని కథ మరువక చెప్పును.

మేనరికమును నేను కండ్లు మూసికొని పొగడుటలేదు. దగ్గరి మేనరికములలో పుట్టు బిడ్డలకు కొన్ని వంశపారంపర్య రోగముల భయము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డున జరిగిన పరిశీలన 2013లో వెలువడినది. పుట్టుకతో వచ్చు లోపములు మామూలుగా నూటికి మూడు కాగా, తోబుట్టువుల బిడ్డలు పెండ్లాడినచోట సుమారు ఆరుగా నున్నవని అది తెలిపెను. తరతరములుగా అట్లే చేసికొన్న ఇండ్లలో జాగ్రత్త మరింత అవసరము. ఆచారముండినచో మేనరికము చెల్లునని 1955 నాటి హిందూ వివాహ చట్టము ఒప్పుకొన్నది; షెడ్యూల్డు తెగలకు ఆ చట్టమే వర్తింపక వారి ఆచారమే ప్రమాణము. చట్టము ఒప్పుకొన్నంత మాత్రమున వైద్యుని అడుగకుండుట తెలివి కాదు. అదియుగాక, వరుస పేరు చెప్పి పిల్ల ఇష్టమును అడుగకుండ ముడిపెట్టిన ఇండ్లు మనకు తెలియనివి కావు.

కాని మేనరికము పోవుచున్నదని సంతోషించుటకు ముందు దాని స్థానమున ఏమి వచ్చుచున్నదో చూడవలెను. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. ఓలి యిచ్చు ఇండ్లలోనికే ఇప్పుడు కట్నము ప్రవేశించుట చూచుచున్నాము. నిన్నటివరకు పిల్ల తండ్రికి ఎదురిచ్చిన ఇల్లు నేడు మోటారు సైకిలు అడుగుచున్నది. పాలు తిరిగి యిచ్చుట పోయి, పాలిచ్చినవారే డబ్బును ఇచ్చుకొనవలసి వచ్చినది. మోర్గను వేసిన నిచ్చెనలో ఇది పై మెట్టో క్రింది మెట్టో నాకు తెలియకున్నది.

గట్టుల లెక్కయు పలుచబడుచున్నది. సమ్మక్క సారలమ్మల చరిత్రను, గట్టుల కథలను పాడిన కంచుతాళం మేళం కళాకారుడు, మణుగూరు ప్రాంతపు కూనవరము వాసి సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన కన్నుమూసిరి. అట్టివారు ఒక్కరు పోయినచో ఒక గ్రంథాలయము మూతపడినట్లే. పట్టణములో చదువుకొనుచున్న కోయ పిల్లవా డొకడు మొన్న మన గ్రంథాలయమునకు రాగా మాటవరుసకు "మీది ఏ గట్టు బాబూ?" అని అడిగితిని. ఇంటిపేరు చెప్పి, గట్టు తెలియక, సిగ్గుపడి, తాతకు ఫోను చేసెను. తాత చెప్పెను. ఆ తాతకు ఎనుబది దాటినవి.

కాబట్టి కార్యవర్గమువారికి నా విన్నప మొకటి. ఈ ఉత్సవమునకు కొను పుస్తకములతోపాటు గట్టి అట్ట వేసిన ఖాళీ లెడ్జరు ఒకటి కొనుడు. ఒక్కొక్క కుటుంబమునకు ఒక పుట యిచ్చి, ఇంటిపేరు, గట్టు, వేల్పు, ఆ ఇంటి కోడండ్రు ఏయే ఊళ్ళనుండి వచ్చిరి, ఆడుబిడ్డలు ఏయే ఊళ్ళకు పోయిరి అని పెద్దల నడిగి, వారి సమ్మతితో వ్రాయింపుడు. ఆడువారిని విడువక అడుగుడు. వరుసలు వారికే బాగుగా జ్ఞాపకముండును. వ్రాయుటకు ఆ పిల్లవాడు సిద్ధముగా నున్నాడు. మొదటి పుట తన తాత చెప్పినది వ్రాసికొని, ఒక కాగితముమీద నాకు ఇదివరకే తెచ్చి యిచ్చినాడు.